ఒకటిన్నర గ్రాములు ఎవరికి అరిగాయి?

టిప్పు అంటే హోటల్లో సర్వరు చేతిలో పెట్టేది కాదు. మా కర్మాగారంలో టిప్పంటే లేతు మిషను మీద ఇనుమును చెక్కే ముక్క. మూడు మూలలుంటాయి, వేలిగోరంత ఉంటుంది, కార్బైడ్‌తో చేస్తారు. ఉక్కు కడ్డీని దోసకాయ తొక్క తీసినట్టు తీసిపారేస్తుంది. ఒక మూల అరిగితే తిప్పి రెండో మూల పెడతాం. అదీ అరిగితే మూడోది. ఆ తర్వాత బోర్లించి ఇంకో మూడు. ఆరూ అయిపోతే డబ్బాలో వేస్తాం. డబ్బా నిండితే తుక్కుతోపాటు లారీ ఎక్కేది. ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎవరికీ ఇబ్బంది లేని పద్ధతి సర్కారు సంస్థలో ఎన్నాళ్లు బతుకుతుంది?

మాది నీళ్ల పంపులు తయారుచేసే సంస్థ. హైదరాబాదు శివార్లలో ఉంటుంది. ఇంతకంటే గుర్తులు చెప్పను. మిషన్లకంటే నేమ్‌బోర్డులు ఎక్కువున్న చోటుకు దారి ఎవరైనా చూపిస్తారు.

మా ఎం.డి. గారు ఒక పెద్ద హోటల్లో రెండు రోజులపాటు 'చక్రీయ ఆర్థిక వ్యవస్థ' మీద సదస్సుకు పోయి వచ్చారు. వస్తూ ఒక జనపనార సంచీ, ఒక సర్క్యులరు తెచ్చారు. సంచీ ఏమైందో తెలియదు. సర్క్యులరు మా షెడ్డు గోడకెక్కింది.

"కార్బైడ్ నందు టంగ్‌స్టన్ అను అమూల్య లోహము కలదు. అరిగిన టిప్పును సేకరించి, శుద్ధిచేసి, తిరిగి టిప్పుగా మార్చుట జాతీయ కర్తవ్యము. కావున పాతది అప్పగించినవారికే కొత్తది ఇవ్వబడును. ఎంత బరువు ఇవ్వబడినదో అంతే బరువు తిరిగి రావలెను. నూటికి నూరు పాళ్ల పునఃప్రాప్తికి సంస్థ కంకణబద్ధమై ఉన్నది."

పాత టిప్పుల్ని పారేయకుండా మళ్లీ వాడుకోవడం మంచి పనే. ఆ మాట మా యూనియన్ అయిదేళ్ల కిందటే రాసిచ్చింది. ఆ కాగితాన్ని నేను తర్వాత ఒక ఆఫీసరు బల్ల మీద టీ గ్లాసు కింద చూశాను. అది వేరే సంగతి. ఇక్కడి తిరకాసు ఏమిటంటే, అరిగిన టిప్పు కొత్త టిప్పంత బరువుండాలి. షెడ్డులో అందరం చదివి నవ్వాం. సర్క్యులర్లు నవ్వడానికి రావని ఆ రోజు మాకు తోచలేదు.

ముందు బలైనవాడు కొంకటి రాజలింగం.

రాజలింగం ముప్పయ్యారేళ్లుగా లేతు మీద ఉన్నాడు. టిప్పు అరిగిందో లేదో కళ్లతో చూడడు, చప్పుడు వింటాడు. మిషను ఒర్లడం మొదలుపెడితే ఆపి మూల మారుస్తాడు. రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. అప్పుడు అతని లేతు మీద ఒక జిల్లా ఆసుపత్రి నీళ్ల పంపుకు వెళ్లాల్సిన షాఫ్టు సగం చెక్కి ఉంది. సగంలో విప్పితే మళ్లీ సెంటరు కుదరదు, ఆ షాఫ్టు ఇక తుక్కే. చేతిలో మంచి టిప్పులు అయిపోయాయి. అరిగినవి పది పట్టుకొని స్టోరు కిటికీ దగ్గరికి పోయాడు. నేను వెనకే ఉన్నాను.

స్టోరులో కొత్తగా కంసాలి తక్కెడ పెట్టారు. దానికి అద్దాల పెట్టె, పెట్టెకు ఏసీ. మా షెడ్డులో ఫ్యాను లేదు. స్టోర్‌కీపర్ వైకుంఠం పది టిప్పులూ తూచాడు, కళ్లజోడు సర్దుకున్నాడు, మళ్లీ తూచాడు.

"తొంభై ఎనిమిదిన్నర. నీకిచ్చింది నూరు గ్రాములు. ఒకటిన్నర ఏది రాజలింగం?"

"ఏదంటె ఏం జెప్పాలె సార్? అరిగింది."

"అరిగి?"

"అరిగి ఏమైతది, అరిగింది."

"ఫారంల 'కొరతకు కారణం' అని గడి ఉంది. అండ్ల ఏం రాయాలె?"

"అరిగింది అని రాయుండ్రి."

వైకుంఠం రాశాడు: 'కార్మికుని కథనం ప్రకారం అరిగినది.' మంచి మనిషే, చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. కాకపోతే ఆ కిటికీ వెనక ఇరవయ్యేళ్లు కూర్చుని, నలభై అడుగుల దూరంలో ఉన్న షెడ్డులోకి ఒక్కసారి వచ్చి చూడలేదు. ఫైలు తేలేదాకా కొత్త టిప్పులు లేవన్నాడు. రాజలింగం వెనక్కొచ్చి, సగం షాఫ్టుకు నూనె పూసి, పాత లుంగీ గుడ్డ చుట్టాడు.

అది మా సంస్థలో తెలుగు అమలు మాసం. ఆ నెల ప్రతి ఫైలూ అనువాద విభాగం హైమవతి గారి చేతుల మీదుగా పైకి పోవాలి. ఆమెకు వాడుక మాట కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. 'అరిగినది' కొట్టేసి 'జీర్ణమైనది' అని రాసింది. ఆమెను నేను తప్పుపట్టను. అరిగిపోయిన గుడిని జీర్ణాలయం అనే అంటారు. నిఘంటువులో రెండర్థాలూ ఉన్నాయి. కానీ ఫైలు చేరిన చోట నిఘంటువు లేదు, పొట్ట ఉంది.

ఆ పొట్ట డిప్యూటీ జనరల్ మేనేజర్ త్రివిక్రమరావు గారిది. పునర్వినియోగ విభాగం అని కొత్తగా పుట్టిన శాఖకు అధిపతి. విచారణకు పిలిచారు. యూనియన్ తరఫున తోడుగా నేను పోయాను. మూల ఒక స్టెనో కూర్చున్నాడు.

"రాజలింగం గారూ, సంస్థకు చెందిన ఒకటిన్నర గ్రాముల కార్బైడ్ జీర్ణమైనదని మీ వాంగ్మూలం. ఎవరిలో?"

రాజలింగం నా వైపు చూశాడు. "ఎవరిల అంటె ఏంది తమ్మీ?"

"ఎవరి కడుపుల అని అడుగుతున్నరు," అన్నాను.

"సార్, టిప్పు గదా సార్. ఇనుముకు రాసుకుంట రాసుకుంట అరుగుతది."

"అరుగుట, జీర్ణమగుట ఒకటే కదా?"

"అన్నం అరుగుడు వేరే, టిప్పు అరుగుడు వేరే సార్."

"ఒకే మాటకు మనిషికొక అర్థం చెప్పుకుంటూ పోతే పరిపాలన సాగదు. సూటిగా చెప్పండి. ఆ పదార్థం ఎక్కడికి పోయింది?"

"పొట్టుల పోతది సార్."

"పొట్టలోకా?"

"పొట్టల గాదు సార్, పొట్టుల! ఇనుప పొట్టు. చెక్కితె రాలుతది సూడుండ్రి, గదాంట్ల."

"స్టెనో గారూ, పొట్టలోకి పోయినట్టు రాసుకోండి. యాస సవరించి రాయండి." త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి. సంస్థ ఆస్తి కనిపించనప్పుడు మార్గాలు రెండే. బయటికి పోతే చౌర్యం. లోపలికి పోతే భక్షణం. చౌర్యమైతే డిస్మిస్. మీ సర్వీసు రిజిస్టరు చివరి పేజీలో ఆ మాటే ఉంటుంది. భక్షణమైతే మానవతా దృక్పథంతో వైద్యం. మీరే తేల్చుకోండి. సాయంత్రం అయిదింటిలోపు."

బయటికొచ్చి వరండా మెట్ల మీద కూలబడ్డాడు రాజలింగం.

"ముప్పయ్యారేండ్లల ఒక్క నట్టు ఇంటికి తీస్కపోలే తమ్మీ. పోయే రోజు దొంగ అనిపిచ్చుకొని గేటు దాటాల్నా?"

"అయితె తిన్న అని రాసియ్యే."

"నీకేమన్న తిక్కనా? ఈ ఆఫీసుల తినుడు అంటె ఏందో నీకెర్క లేదా?"

"ఎర్కనే. అందుకే జెప్తున్న. తిన్న అని ఈ బిల్డింగుల ఇప్పటిదాంక ఒక్కడు ఒప్పుకోలే. ఒప్పుకున్నోనికి ఏం శిక్ష వెయ్యాల్నో రూల్సుల గూడ లేదు."

రాజలింగం లేచి లోపలికి పోయాడు. అయిదుకు అయిదు నిమిషాలుందనగా సంతకం పెట్టాడు. 'తిన్నాను.' మా సంస్థ చరిత్రలో ఆ మాట కింద సంతకం ఉన్న కాగితం అదొక్కటే.

మర్నాడు మా వైద్యాధికారి మృత్యుంజయరావు గారి దగ్గరికి పంపారు. ఆయనకు తెలిసిన కార్బైడ్ ఒకటే, బండ్ల వాళ్లు మామిడికాయలు మగ్గబెట్టేది.

"మామిడిపళ్లు మానెయ్యవయ్యా."

"ఇది కార్తీకం డాక్టర్ సాబ్. మామిడిపండ్లు యాడున్నయి?"

"లేకపోయినా మానెయ్యి."

'రోగి శరీరమందు కార్బైడ్ ఉండగల అవకాశమును తోసిపుచ్చజాలము' అని సర్టిఫికెట్ ఇచ్చారు. ముందుజాగ్రత్తగా క్యాంటీన్లో ఆవకాయ బంద్ చేయించారు. అంతదాకా పెదవి విప్పని నలుగురు ఆ రోజే యూనియన్లో చేరారు.

ఇక లేతుల మీద పనిచేసే మిగతా టర్నర్లు ఊరుకుంటారా? నలభై రెండు మందిమి. ఎవడి టిప్పులు తూచినా తక్కువే. చౌర్యమా, భక్షణమా అని ఎవరిని అడిగినా "తిన్న సార్" అనే జవాబు. సంస్థ నూటికి నూరు పాళ్లకు కంకణబద్ధమై ఉంది కనుక, టర్నర్ల లోపలికి పోయిన కార్బైడ్‌ను తిరిగి రాబట్టాలని తీర్మానించారు. తీర్మానం ముప్పై రెండు పేజీలు.

మొదట గేటు దగ్గర తూకం. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం పోయేటప్పుడు ఒకసారి. రాజలింగం క్యాంటీన్లో అన్నం తిని, మజ్జిగ తాగి, పోయేటప్పుడు ఆరు వందల గ్రాములు ఎక్కువ తూగాడు. కమిటీ రెండు రోజులు కూర్చుంది. 'ఒకటిన్నర గ్రాముల కార్బైడ్ ఆరు వందల గ్రాములగుట విశేషము. సదరు లోహము టర్నర్ల శరీరమందు వృద్ధి చెందుచున్నదా అను విషయము పరిశీలనార్హము. నిజమైనచో దేశము టంగ్‌స్టన్ దిగుమతి చేసుకొనవలసిన అవసరము ఉండబోదు.' ఇది నేను కల్పించింది కాదు, కాపీ నా దగ్గరుంది. రాజలింగానికి చూపిస్తే, "అంటె నేనిప్పుడు గనినా తమ్మీ?" అన్నాడు.

ఆ తర్వాత పునఃప్రాప్తి కేంద్రం. పేరు విని బెదరకండి, అది విడిగా కట్టిన కొత్త మరుగుదొడ్డి. మా షెడ్డు మరుగుదొడ్డికి తలుపు పెట్టించమని పదకొండేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. ఇప్పుడు ఆరు నెలల పని ఆరు వారాల్లో అయిపోయింది. తెల్లటి టైల్సు, తలుపులు, గొళ్లాలు, కింద సన్నటి జల్లెడలు, ముందు నల్లరాతి ఫలకం. దాని మీద ఎం.డి. గారి పేరు. ఆయనే వచ్చి రిబ్బను కత్తిరించి, 'వ్యర్థం నుంచి అర్థం' అని ఉపన్యసించారు. చప్పట్లు కొట్టాం. తానే వాడి ప్రారంభించమని మాత్రం ఆయన్నెవరూ అడగలేదు.

టర్నర్లకు ఒకటి అర్థమైంది. టిప్పు వాడితే అరుగుతుంది. అరిగితే జల్లెడ. వాడకపోతే? పొద్దున నూరు గ్రాములు తీసుకొని, సాయంత్రం నూరు గ్రాములు అప్పగించడం మొదలైంది. కడ్డీలు కడ్డీలుగా, మిషన్లు మిషన్లుగా ఉండిపోయాయి. పునఃప్రాప్తి నూరు శాతానికి చేరింది. గేటు మీద బ్యానరు కట్టారు. సంస్థ పేరు ఒక జాతీయ పురస్కారానికి పోయింది. పంపులు తయారవడం లేదని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఉత్పత్తి వేరే శాఖ. ఆసుపత్రి సూపరింటెండెంటు ఫోన్ చేసి, "ట్యాంకర్ల నీళ్లతో ఆపరేషన్లు చేస్తున్నాం, మా షాఫ్టు ఏమైంది?" అని అడిగితే, త్రివిక్రమరావు గారు "మా పునఃప్రాప్తి నూరు శాతమండీ" అని చెప్పి పెట్టేశారు.

మిగతావాళ్ల పాత కొరతలు కమిటీ దగ్గరే ఉన్నాయి, ముందు తేల్చాల్సింది మొదటి ఫైలు, రాజలింగం పాత ఒకటిన్నర గ్రాములు. మూడు వారాలు జల్లెడ పట్టినా రాలేదు. వస్తుందా? మెమో మాత్రం వచ్చింది.

"భక్షణము రుజువు కానందున చౌర్యముగా పరిగణించుటకు నిర్ణయించడమైనది. పది దినములలోగా సమాధానము ఇవ్వనిచో సేవల నుండి తొలగించబడుదురు."

ఆ పది రోజులూ రాజలింగం తిరగని గది లేదు. స్టోరు వాళ్లు పర్సనల్‌కు పొమ్మన్నారు, పర్సనల్ వాళ్లు విజిలెన్సుకు, విజిలెన్సు వాళ్లు వైద్యాధికారికి, ఆయన మళ్లీ స్టోరుకు. త్రివిక్రమరావు గారి గది ముందు ఏడుసార్లు, ఎం.డి. గారి వరండాలో రెండుసార్లు నిలబడ్డాడు. పొద్దున రాగానే లేతు దగ్గరికి పోయి, గుడ్డ తీసి షాఫ్టుకు తుప్పు పట్టిందేమో చూసి, మళ్లీ చుట్టి బయల్దేరేవాడు. తొమ్మిదో రోజు నేనూ వెంట ఉన్నాను, అనువాద విభాగం గుమ్మంలో అతని చెప్పుకు బొటనవేలు దూర్చే ఉంగటం పుటుక్కున తెగింది. మడమ దగ్గర అప్పటికే రూపాయంత బొక్క.

"ఏమైంది నాయనా?" అంది హైమవతి గారు.

"ఏమైతదమ్మా. మీ ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి చెప్పులరిగినయి."

ఆమె రాస్తున్న కాగితం నుంచి తల కూడా ఎత్తలేదు. "అరిగినయి అనకూడదు. జీర్ణమైనవి."

రాజలింగం ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత నవ్వాడు. మూడు నెలల్లో అతను నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"అట్లనే రాసియ్యమ్మా," అన్నాడు. "జెరంత మంచి తెలుగుల రాయి."

సంస్థ మాకు బూట్లు ఇవ్వాలని నిబంధన. ఏడాదికోసారి తోలు చెప్పులిస్తారు. టెండరు కాగితంలో జత ఏడు వందల గ్రాములని ఉంది. రాజలింగం ఆ చెప్పులు తీసుకెళ్లి కంసాలి తక్కెడ మీద పెట్టాడు. వైకుంఠం ముక్కు మూసుకొని తూచాడు. ఆరు వందల పది. కొరత తొంభై గ్రాములు. కారణం గడిలో హైమవతి గారి దస్తూరీ: 'సంస్థకు చెందిన తొంభై గ్రాముల తోలు వివిధ కార్యాలయములందు జీర్ణమైనది.' కింద గదులు, తేదీలు, ఆ గదుల్లో కూర్చున్నవారి పేర్లు.

పాత ఫైలు ఏ దారిన పోయిందో ఇదీ ఆ దారినే పోయింది. మర్నాడే, పదో రోజు మధ్యాహ్నం పిలుపొచ్చింది. త్రివిక్రమరావు గారి మొహం ఎర్రగా ఉంది. పురస్కారం తనిఖీ బృందం పక్కగదిలో టీ తాగుతోంది.

"ఏమిటయ్యా ఈ కాగితం? మేము చెప్పులు తిన్నామా?"

"దెబ్బలు గాదు సార్," అన్నాడు రాజలింగం వినయంగా. "ఉత్త చెప్పులే."

"తమాషాగా ఉందా?"

నేను అందుకున్నాను. "తమాషా ఏముంది సార్? సంస్థ ఆస్తి కనిపిస్తలేదు. రెండే మార్గాలని మీరే జెప్పిండ్రు. బయటికి పోతె చౌర్యం, లోపలికి పోతె భక్షణం. లిస్టుల ఉన్నోళ్లు పద్నాలుగు మంది ఆఫీసర్లు. ఎం.డి. గారితోటి పదిహేను. పునఃప్రాప్తి కేంద్రం ఖాళీగనే ఉంది, జల్లెడలు కడిగిపెట్టినం. మీరే తేల్చుకోండి. సాయంత్రం అయిదింటిలోపు. లేదంటె పక్కగదిల ఉన్నోళ్లను అడుగుదాం, వాళ్లు గూడ నూటికి నూరు సూడనీకే వచ్చిండ్రు గదా."

త్రివిక్రమరావు గారు పక్కగది తలుపు వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"చెప్పులు అరగవా ఏమిటయ్యా? నడిస్తే నేల మీద అరుగుతాయి."

"అరుగుతయా సార్?" అన్నాడు రాజలింగం.

"అరుగుతాయి."

"ఎవరిల సార్?"

స్టెనో రాయడం ఆపి తల పైకెత్తాడు.

"ఎవరిలోనూ కాదు," అన్నారు చివరికి. "వాడితే ఏదైనా అరుగుతుంది."

"గది రాసియ్యుండ్రి సార్. గంతే."

రాసిచ్చారు. సర్క్యులరు నాలుగున్నరకే గోడకెక్కింది: 'వాడుకచే వస్తువులు తరుగుట సహజమని ఇందుమూలముగా గుర్తించడమైనది. ఇకపై అరుగుట, జీర్ణమగుట అను పదములు సంస్థ రికార్డులందు నిషేధము.' రాజలింగం మీద మెమో రద్దయింది. సర్వీసు రిజిస్టరు తెప్పించి, చివరి పేజీ శుభ్రంగా ఉందని తన కళ్లతో చూసుకున్నాడు. చూశాక కూడా, ఆ పేజీ మీద అరచేయి పెట్టి ఒకసారి తుడిచాడు. పురస్కారం రాలేదు. పునఃప్రాప్తి కేంద్రంలో జల్లెడలు పీకేసి తాళం వేశారు. తాళంచెవి ఆఫీసర్ల దగ్గరుంది. మా షెడ్డు మరుగుదొడ్డికి ఇప్పటికీ తలుపు లేదు.

రాజలింగం కొత్త టిప్పులు పది తెచ్చుకున్నాడు. లుంగీ గుడ్డ విప్పాడు. వేలితో షాఫ్టు మీద గీత గీసినట్టు తడిమి చూసి, మిషను ఆన్ చేసి, చెవి వంచాడు. వారం రోజులు ఆ షెడ్డులో పొట్టు రాలింది. ఏడో రోజు షాఫ్టు ఆసుపత్రి లారీ ఎక్కింది. లారీ గేటు దాటేదాకా చూసి, అరిగిన పది టిప్పులూ గుప్పిట్లో పట్టుకొని స్టోరు కిటికీ దగ్గరికి పోయాడు.

వైకుంఠం తూచాడు. "తొంభై ఎనిమిదిన్నర." కలం తీశాడు. ఆగిపోయాడు. "కొరతకు కారణం ఏం రాయాలె రాజలింగం? ఆ మాట రాయొద్దన్నరు."

"పని చేసింది అని రాయుండ్రి సార్."

వైకుంఠం ఫారం పైనుంచి కిందికి చూశాడు. తిప్పి వెనకవైపు చూశాడు. కార్బన్ కాపీ కూడా ఎత్తి చూశాడు.

"పని అనేదానికి ఈ ఫారంల గడి లేదే."

"అది నాకు ముప్పయ్యారేండ్ల సంది ఎర్కనే సార్," అని రాజలింగం కొత్త టిప్పుల కోసం చేయి చాపాడు.